నొప్పి సూది

విశాఖపట్నం,
ఫిబ్రవరి 1986

సన్యాసమ్మా,

మా ఇంటి నుంచి ఎవరైనా కలకత్తా వచ్చి చూసిపోకూడదా అని ఎన్నాళ్ళుగానో అడుగుతున్నావు. ఇప్పుడు మా చెల్లి పైడితల్లి వస్తోంది. చూసిపోవడానికి కాదు, ఉండిపోవడానికి.

నువ్వు మేనమామ ఇల్లని మా ఇంట్లో ఉండి నాతో నర్సింగు చదివిన రోజుల్లో అది రెండు జడలేసుకుని మన పుస్తకాల మీద తలపెట్టి నిద్రపోయేది. ఇప్పుడు అదీ నర్సే. ఇక్కడి ఆస్పత్రిలో రెండేళ్ళు ఆపరేషన్ థియేటర్లో చేసింది. కిందటేడు దానికి పిత్తాశయంలో రాళ్ళు తీశారు. అప్పటి నుంచి మనిషి నీరసించింది, ఉద్యోగం కూడా మానేసింది. ఎందుకు మానేశావని దాన్ని అడక్కు, బాధపడుతుంది. ఊరు మారితే కుదుటపడుతుందని నా ఆశ. మీ మేట్రన్‌గారికి విడిగా ఉత్తరం రాసి దాని చేతికిచ్చాను. నర్సింగు స్కూల్లో ట్యూటర్‌ని కాబట్టి నా మాటకి కాస్త విలువ ఉంటుందనుకుంటాను.

ఒక్క సంగతి. దాన్ని సర్జికల్ వార్డులో వేయించకు. పిల్లల వార్డో, ప్రసూతి వార్డో అయితే మంచిది. ఈ మధ్య నెత్తురు చూస్తే దానికి కళ్ళు తిరుగుతున్నాయి.

అత్తనీ, అన్నయ్యనీ అడిగానని చెప్పు.

నీ వదిన,
నారాయణమ్మ


ఖిదిర్‌పూర్, కలకత్తా
ఏప్రిల్ 1986

వదినా,

పైడి క్షేమంగా చేరింది. మీ అన్నయ్య హౌరా స్టేషన్‌కి వెళ్ళి తీసుకొచ్చారు. డాక్ క్వార్టర్సులో మాకున్నవి రెండు గదులే అయినా ఇబ్బందేమీ లేదు. కరెంటు పోయినప్పుడల్లా పిల్లలు దాని చుట్టూ చేరి విశాఖపట్నం కబుర్లు చెప్పించుకుంటున్నారు. వాళ్ళ తెలుగులో సగం బెంగాలీ కదా, అది నవ్వుతూ ఒక్కొక్క మాటా సరిదిద్దుతుంది.

ఉద్యోగం రావడం కష్టం కాలేదు. మాది ధర్మాస్పత్రి, రోగులెక్కువ, నర్సులు తక్కువ. మేట్రన్ బీణాపాణి దత్తగారు నీ ఉత్తరం రెండుసార్లు చదివి, "ఒక ట్యూటర్ ఇంతగా మెచ్చుకుంటూ రాయడం నేనెప్పుడూ చూడలేదు" అన్నారు. అయితే నీ మాట నిలబెట్టలేకపోయాను. థియేటర్లో పనిచేసిందని తెలియగానే, నేను నోరు తెరిచేలోపే, ఆవిడ దాన్ని నేను చేసే సర్జికల్ వార్డుకే వేశారు.

నువ్వు బెంగపడకు. నెత్తురు చూసి కళ్ళు తిరగడం నాకైతే కనబడలేదు. పని చూస్తే ముచ్చటేస్తుంది. మధ్యాహ్నం మేమందరం అన్నానికి కూర్చుంటే, "మీరు తినండి వదినా, ఇంజెక్షన్లు నేను చూసుకుంటాను" అంటుంది. బెంగాలీ నర్సులు దాన్ని 'లక్ఖీ మేయే' అంటున్నారు, బంగారుతల్లి అన్నమాట. ఇంత మంచి పనిమంతురాలిని మీ ఊరి ఆస్పత్రి ఎలా వదులుకుందో నాకు అర్థం కాలేదు. అడగొద్దన్నావు కాబట్టి అడగలేదు.

సన్యాసమ్మ


విశాఖపట్నం,
మే 1986

సన్యాసమ్మా,

సర్జికల్ వార్డు వద్దని అంత స్పష్టంగా రాశాను. మేట్రన్‌తో మళ్ళీ మాట్లాడు. ఆరోగ్యం బాగాలేదని చెప్పు, వార్డు మార్పించు. నువ్వు అక్కడ పదిహేనేళ్ళుగా చేస్తున్నదానివి, ఆ మాత్రం చెల్లదా.

అది వేళకి తింటోందా? నిద్రపోతోందా? డ్యూటీ అయ్యాక నేరుగా ఇంటికే వస్తోందా? స్నానాల గదిలో ఎక్కువసేపు ఉంటోందా? ఎందుకడుగుతున్నానంటే, నీరసంగా ఉన్న మనిషి, ఎక్కడైనా పడిపోతుందేమోనని.

నారాయణమ్మ


ఖిదిర్‌పూర్, కలకత్తా
జులై 1986

వదినా,

వార్డులో ఒక గొడవ జరిగింది. మనసు బాగాలేక రాస్తున్నాను.

ఆపరేషన్ అయినవాళ్ళకి నొప్పికి వేసే పెథిడిన్ మా దగ్గర తాళం వేసిన బీరువాలో ఉంటుంది. డ్యూటీ మారినప్పుడల్లా లెక్క చూసి అప్పగిస్తాం. కిందటి వారం రెండు గాజు ఆంప్యూల్స్ తక్కువొచ్చాయి. ఆ పూట బీరువా ఉన్న గది తుడిచింది జగ్గమ్మ. ఆమె నీకు తెలియదు. సోంపేట వైపు మనిషి, భర్త డాక్ కూలీ. అతను పోయాక మా వార్డులో ఆయాగా చేరింది. నేను అలిసిపోయి కూర్చుంటే మందార పువ్వంత ఎర్రటి టీ పెట్టి తెచ్చేది. మేట్రన్ వెతికిస్తే ఆమె కొంగుముడిలో పగిలిన ఆంప్యూల్ ముక్క దొరికింది.

"తుడుత్తంటే దొరికినాది. ఎవుల కాల్లోనన్నా దిగిపోద్దని తీసినాను, అంతే" అంది.

మేట్రన్ నన్ను పిలిచారు. జగ్గమ్మ ఒక్కతే ఆ గదిలో ఉండగా చూశాను, అదే చెప్పాను. "ఈమె అలాంటి మనిషేనా?" అని అడిగితే, "నాకు తెలియదు" అన్నాను. నిజంగానే అనుమానం వచ్చింది, వదినా. ఆ మందు బయట అమ్ముకునేవాళ్ళు ఉన్నారు, ఆమెకి ఇల్లు గడవడం కష్టంగా ఉంది. రెండూ కలిపి చూసుకున్నాను. ఆమె రోజుకూలీ మనిషి. పర్మనెంటైతే యూనియన్ వాళ్ళు గేటు ముందు జెండా పాతి కూర్చునేవారు. రోజుకూలీ కోసం ఎవరూ రాలేదు. ఆ సాయంత్రమే పంపేశారు.

వార్డూ ప్రశాంతంగా లేదు. కూర్మయ్య అని ఒక డాక్ కూలీ ఉన్నాడు, క్రేన్ నుంచి బస్తాలు జారి తొడ ఎముక విరిగింది. సూది వేశాక కూడా అరుస్తాడు. "మగాడివి, అంతలా అరవకు, పక్కవాళ్ళు పడుకోవద్దా" అని నిన్న కసిరాను. దుప్పటి నోట్లో కుక్కుకున్నాడు. అది చూడలేక బయటికి వచ్చేశాను.

సన్యాసమ్మ


విశాఖపట్నం,
జులై 1986

సన్యాసమ్మా,

పైడి ఎలా ఉంది? బీరువా తాళాలు దాని చేతికి ఇస్తున్నారా? దానికి మతిమరుపు, అలాంటి బాధ్యతలు పెట్టొద్దు.

నాన్నకి ఒంట్లో బాగాలేదు. దాన్ని చూడాలని కలవరిస్తున్నాడు. మేట్రన్‌కి ఏదో ఒకటి చెప్పి వెంటనే పంపెయ్. ఆలస్యం చేయకు.

నారాయణమ్మ


ఖిదిర్‌పూర్, కలకత్తా
ఆగస్టు 1986

వదినా,

నీ ఉత్తరం నాలుగైదుసార్లు చదివాను. నేను రాసిన ఉత్తరంలో పైడి పేరే లేదు. నీ జవాబులో జగ్గమ్మ పేరే లేదు. ఒక దిక్కులేని మనిషిని దొంగని చేసి పంపేశారని రాస్తే, నువ్వు అడిగింది తాళాలు నీ చెల్లి చేతికి ఇస్తున్నారా అని.

ఆ రోజు నుంచి నా బుద్ధి నా మాట వినడం లేదు. ఇంట్లో అది జడ వేసుకుంటున్నా చూస్తున్నాను, పిల్లలకి అన్నం కలుపుతున్నా చూస్తున్నాను. చూస్తున్నానని దానికీ తెలిసింది. మావయ్య జబ్బు సంగతి చెబితే, "నాన్నకి జబ్బేటి వదినా, అక్క అలాగే అంటాది" అని నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

జగ్గమ్మ వెళ్ళాక లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. కానీ అరుపులు తగ్గలేదు. కూర్మయ్య పక్కన కూర్చుని, సూది వేశాక ఎలా ఉంటుందని మెల్లగా అడిగాను. మొదట చెప్పలేదు. తరవాత అన్నాడు: "నువ్వేసిన రోజు కన్ను మూతపడతాది తల్లీ. ఆ పాప ఏసిన రోజు నీల్లు పోసినట్టుంటాది. నేను పాపిష్టోడిని కామోసు, అందుకే మందు పంజెయ్యనేదని ఊరుకున్నాను. అంతమంచి పాప మీద సెప్తే ఎవులు నమ్ముతారు?"

మర్నాడు మధ్యాహ్నం అందరూ అన్నానికి వెళ్ళాక నేను తలుపు పక్కన నిలబడ్డాను. పైడి ఇంజెక్షను ట్రేతో వచ్చింది. "ఇలా ఇయ్యి, కూర్మయ్యకి నేను వేస్తాను" అన్నాను. ఇవ్వలేదు. చెయ్యి చాపి సిరంజి తీసుకోబోయాను. అది వదిలేసింది. గాజు సిరంజి నేల మీద పడి ముక్కలైంది. చెయ్యి జారిందని చప్పుడుకి వచ్చినవాళ్ళతో అంది. జారలేదు వదినా. వేళ్ళు తెరిచి వదిలేయడం నా కళ్ళతో చూశాను. నేను బీరువా తెరిచి ఇంకో ఆంప్యూల్ తీసి నా చేత్తో సూది వేశాను. కాసేపటికి కూర్మయ్య నిద్రపోయాడు. అతని ముఖం అంత వదులుగా ఉండగా నేను ఆగి చూడడం అదే మొదటిసారి.

పైడికి ఆ మందు అలవాటైందని నా అనుమానం. రోగికి నీళ్ళెక్కించి, వాళ్ళ మందు తను తీసుకుంటోంది. ఖాళీ ఆంప్యూల్స్ లెక్కకి సరిపోతాయి కాబట్టి ఎవరికీ తెలియదు. ఆ తక్కువొచ్చిన రెండూ మాత్రం ఏకంగా బీరువాలోంచే తీసి ఉంటుంది. రెండేళ్ళు థియేటర్లో నిలబడినదానికి నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయని రాసినప్పుడే నేను ఆలోచించాల్సింది.

నీకేం తెలుసో రాయి. నన్ను ఇంకోసారి మావయ్య జబ్బుతో మభ్యపెట్టకు.

సన్యాసమ్మ


విశాఖపట్నం,
ఆగస్టు 1986

సన్యాసమ్మా,

నువ్వు అనుకున్నది నిజం.

దానికి ఆపరేషన్ అయ్యాక నొప్పికి ఆ సూదే వేశారు. వేయాల్సిన రోజులైపోయాక కూడా నొప్పి ఉందని అడిగి వేయించుకుంది. నేనూ పక్కనే ఉన్నాను, పాపం అనుకున్నాను. డ్యూటీలో మళ్ళీ చేరాక థియేటర్లో పట్టుబడింది. అక్కడి హెడ్ సిస్టర్ నా దగ్గర చదువుకున్న పిల్ల. నన్ను చూసి పైకి చెప్పలేదు. రాజీనామా రాయించి పంపేద్దామంటే సరేనన్నాను. ఇంట్లో కొన్నాళ్ళు బాగానే ఉంది. మందు దొరకని చోటికి పోతే మరిచిపోతుందనుకున్నాను. సర్జికల్ వార్డు వద్దని నీకు రాశాను కదా. అంతకంటే తెరిచి రాస్తే నువ్వు రానిచ్చేదానివి కాదు.

ఇప్పుడు నువ్వేం చేస్తావో నాకు తెలుసు. చేయకు. దాన్ని నా దగ్గరికి పంపెయ్, నేను చూసుకుంటాను. మేట్రన్‌కి తెలిస్తే పోలీసులు వస్తారు. దానికి ఇరవై ఆరేళ్ళు. నేను రాసిన ఉత్తరం మీ ఆస్పత్రిలో ఉంది, నా ఉద్యోగం పోతుంది. నిన్ను మాత్రం వదులుతారా? ఆ పిల్లని ఎవరు తెచ్చారు, ఎవరింట్లో ఉంది, ఇన్నాళ్ళు ఏం చూశావు అని అడగరా?

అది నీ మేనమామ కూతురు. నువ్వు మా ఇంటి అన్నం తిని చదువుకున్నావు. ఇది ఎత్తిపొడవడానికి రాయడం లేదు. నీకు గుర్తుండాలని రాస్తున్నాను.

నారాయణమ్మ


ఖిదిర్‌పూర్, కలకత్తా
సెప్టెంబరు 1986

వదినా,

గుర్తుంది. ఆ అన్నం గుర్తుండబట్టే మేట్రన్ దగ్గరికి వెళ్ళే ముందు పైడితో మాట్లాడాను.

డ్యూటీ దిగాక ట్రాం డిపో దగ్గర ఒక బల్ల మీద కూర్చోబెట్టాను. దాచలేదు. "ఎవరూ చచ్చిపోలేదు కదేటి వదినా. మందు పడకపోతే ఎవరూ చచ్చిపోరు. నొప్పి ఒకటే" అంది.

"ఆ నొప్పి నీదైతే?"

"నాదీ అదే. ఒక్క సూదితో అంతా పోయింది. నొప్పే కాదు, అంతా. మళ్ళీ అలగుంటే చాలనిపిస్తాది. వాళ్ళు అరుస్తుంటే నాకు వినబడదనుకున్నావేటి? వినబడకుండా ఉండాలనే ఇంకోటి తీసుకుంటాను."

జగ్గమ్మ కొంగులో గాజుముక్క నువ్వే పెట్టావా అని అడిగాను. "లేదు. నేను పారేసింది ఆమె ఏరింది. ఆమెని పట్టుకున్నప్పుడు నోరు మూసుకున్నాను, అంతే" అంది. ఆ 'అంతే' నాకు తగిలింది. ఆ రోజు నేను చేసింది మాత్రం ఏమిటి?

రేపు ఇద్దరం కలిసి మేట్రన్ దగ్గరికి వెళ్దాం, నేను పక్కనే ఉంటాను, ముందు వైద్యం అడుగుదాం అన్నాను. తల ఊపింది. దారిలో నా చెయ్యి పట్టుకుంది కూడా. నువ్వు పంపెయ్‌మన్న సంగతీ చెప్పాను, దాచడం నావల్ల కాలేదు. మర్నాడు నేను స్నానం చేసి వచ్చేసరికి అది లేదు, దాని పెట్టె లేదు.

నేనొక్కదాన్నే వెళ్ళి అంతా చెప్పాను. దాన్ని పంపెయ్‌మన్నావు, నేను చూసుకుంటానన్నావు. ఒకసారి అలాగే చూసుకున్నావు కదా వదినా. నీ చెల్లెలు ఇంకో ఊళ్ళో ఇంకో ఆస్పత్రికి పోతుంది, అక్కడ ఇంకో కూర్మయ్య ఉంటాడు. మేట్రన్ లేచి గది తలుపు వేశారు. తరవాత, ఆస్పత్రి పేరు పోతుంది, ఇది ఈ గది దాటకూడదు అన్నారు. నేను ఆ గది దాటి నేరుగా కూర్మయ్య దగ్గరికి వెళ్ళాను. మందు నీ వరకు రాలేదు, నువ్వు పిరికివాడివి కావు, నిన్ను కసరడం నా తప్పు అని చెప్పాను.

"అయితే నాను ఏడిసింది నిజెం నొప్పికేనా తల్లీ" అన్నాడు.

పైడి నీ దగ్గరికి చేరిందా? వెంటనే రాయి. మీ అన్నయ్య హౌరా అంతా వెతికి వచ్చారు.

సన్యాసమ్మ


విశాఖపట్నం,
సెప్టెంబరు 1986

సన్యాసమ్మా,

పైడి ఇక్కడికి రాలేదు. చెప్పొద్దన్నా చెప్పావు. ఇక మన మధ్య రాసుకోవడానికి ఏమీ లేదు.

నారాయణమ్మ


ఖిదిర్‌పూర్, కలకత్తా
అక్టోబరు 1986

వదినా,

రాలేదని రాశావు. మరి ఎక్కడికి పోయిందని నన్ను అడగలేదు. పోలీసులకి చెప్పమనలేదు, టెలిగ్రాం ఇవ్వలేదు. సొంత చెల్లెలు కనబడకపోతే నువ్వు మూడు వాక్యాలతో ఊరుకునే మనిషివి కావు. అది నీ ఇంట్లోనే ఉంది. ఉన్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. దాచినందుకు నీ మీద కోపంగా ఉంది. రెండూ నిజమే.

ఇక్కడ సంగతులు వింటావో లేదో, రాస్తాను. మేట్రన్ నన్ను సర్జికల్ వార్డు నుంచి తీసి బయటి రోగుల గదికి వేశారు. తోటి నర్సులు నేను రాగానే మాటలు ఆపేస్తున్నారు. సొంత మరదల్నే పట్టించింది, మనల్ని వదులుతుందా అనుకుంటున్నారు.

జగ్గమ్మ బస్తీకి వెళ్ళాను. గుమ్మంలో మరమరాలు అమ్ముతోంది. మేట్రన్‌తో మాట్లాడాను, పనిలోకి రమ్మన్నారు, అసలు మనిషి ఎవరో తెలిసింది అని చెప్పాను. ఎవరో అడగలేదు.

"నువ్వూ నన్నే అనుకున్నావా?" అంది.

"అనుకున్నాను" అన్నాను.

"మరైతే ఆ మాట ఇక్కడ కాదు, అక్కడొచ్చి సెప్పు. నన్ను పంపేసినప్పుడు సూసినోల్లందరి ముందరా సెప్పు. ఇంట్లో సెప్తే నాకేటి నాభం?"

అలాగే చెప్పాను, వార్డు మధ్యలో నిలబడి, వచ్చిన బెంగాలీలో. ఆమె పనిలోకి వచ్చింది. నాతో అవసరమైనంతే మాట్లాడుతుంది. టీ మాత్రం తేవడం లేదు. అడిగే ముఖం నాకూ లేదు.

కూర్మయ్య కర్ర పట్టుకుని వార్డులో అటూ ఇటూ నడుస్తున్నాడు.

నువ్వు జవాబివ్వకపోయినా నేను రాస్తూనే ఉంటాను. పైడి ఎలా ఉందో ఒక్క ముక్క రాయి. నిజం రాయి.

సన్యాసమ్మ


విశాఖపట్నం,
డిసెంబరు 1986

సన్యాసమ్మా,

పైడి ఇక్కడే ఉంది. నీ దగ్గర నుంచి బయల్దేరిన రైల్లోనే తిన్నగా నా గుమ్మంలోకి వచ్చింది. నీకు రాలేదని రాస్తున్నప్పుడు అది నా వెనక గదిలో వణుకుతూ పడుకుని ఉంది.

నీ మీద చాలా రోజులు కోపంగానే ఉన్నాను. నాన్న కూడా నీ పేరెత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. తరవాత ఒక రోజు విజయనగరంలోని ఒక ప్రైవేటు నర్సింగ్ హోం నుంచి మనిషి వచ్చాడు. పైడి నాకు చెప్పకుండా అక్కడ ఉద్యోగానికి అడిగిందట. మీరు ట్యూటరుగారు కదా, ఈ అమ్మాయి గురించి రెండు మంచి ముక్కలు రాసివ్వండి, చాలు అన్నాడు. కలం తీశాను. దాని పేరు రాశాను. పైడి వంటింటి గుమ్మంలో నిలబడి నా చేతినే చూస్తోంది. నువ్వు రాసిన ఇంకో కూర్మయ్య గుర్తొచ్చాడు. కాగితం చింపేసి, ఈమె రోగుల దగ్గర పనిచేయకూడదు, నేను రాయను అని చెప్పాను. అతను వెళ్ళాక పైడి నన్ను అనరాని మాటలంది. అన్నీ పడ్డాను.

ఆ మర్నాడే దాన్ని పెదవాల్తేరు మానసిక ఆస్పత్రికి తీసుకెళ్ళాను. నలుగురూ చూస్తారని ఇన్నాళ్ళు తప్పించిన చోటది. కొన్ని వారాలు అక్కడే ఉంది. మొదటి రోజులు ఎలా గడిచాయో నువ్వు నర్సువి, నీకు రాయక్కర్లేదు. ప్రిన్సిపాల్‌గారికీ, మీ మేట్రన్‌కీ నేను చేసిన పని ఉన్నదున్నట్టు చెప్పుకున్నాను. విచారణ జరుగుతోంది, పాఠాలు చెప్పడం ఆపించారు. ట్యూటర్‌గా ఉంచుతారో లేదో తెలియదు. హెడ్ సిస్టర్ పేరు కూడా అడిగారు, చెప్పాను. అది నాకు అన్నిటికంటే కష్టమైంది.

ఇప్పుడు పైడి ఇంట్లో ఉంది. పక్కింటి టైలరమ్మ దగ్గర కాజాలు కుట్టడం నేర్చుకుంటోంది. బజారుకి వెళ్ళి కాస్త ఆలస్యమైతే నాకు కాలూ చెయ్యీ ఆడదు. కాస్త నవ్వుతూ వస్తే, ఎందుకు నవ్వుతోందా అనిపిస్తుంది. బాగున్న రోజునే ఎక్కువ భయం వేస్తోంది.

నిజం రాయమన్నావు. ఆ మందు ముట్టుకోలేదని అది అంటుంది. నమ్ముతున్నానని నేనంటాను. పొద్దున్నే కాఫీ తాగే ముందు నా ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. నేను అడగకముందే, సూది పోట్లు చూసుకోమని రెండు చేతులూ వెలుగులోకి చాపుతుంది. చూడనక్కర్లేదని చెప్పాలనుకుంటాను. చూస్తాను. నేను చూడడం అయ్యేదాకా అది ముఖం పక్కకి తిప్పుకుని కూర్చుంటుంది. ఆ తరవాత ఇద్దరం కాఫీ తాగుతాం.

నీ వదిన,
నారాయణమ్మ